కన్ను అక్కడ, కెమెరా ఇక్కడ

మా బావ వెంకటరాజానికి పాత కెమెరా కనిపిస్తే ఎదురుగా నిలబడ్డ మనిషి కనిపించడు. ఇంతవరకే అయితే ఆయన గురించి రాయాల్సిన పని లేదు. పాత నాణేలు పోగేసేవాళ్ళూ, పావురాలు పెంచేవాళ్ళూ ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. మా బావ వాళ్ళందరికంటే ఒక మెట్టు పైన. ఏ కెమెరా తెచ్చుకున్నా దాని ముందుండే అద్దం విప్పి, ఇచ్చినవాడి చేతిలోనే పెట్టి, మిగతా డబ్బా మాత్రం భుజాన వేసుకుని వచ్చేవాడు. ఆ అద్దాన్ని ఆయన కన్ను అనేవాడు. బర్రెను కొని పొదుగు అక్కడే వదిలి వచ్చే మనిషిని మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. మా అక్క ఆండాళును ఆయనకే ఇచ్చాం.

నందికొండ దగ్గర కృష్ణకు అడ్డంగా డ్యాం లేస్తున్న రోజులవి. ప్రాజెక్టు ప్రచారశాఖలో బావ సినిమాలు తీసేవాడు. సినిమాలంటే పాటలూ కత్తియుద్ధాలూ ఉన్నవి కాదు. రాళ్ళు మోసే కూలీలు, క్రేన్లు, కాలువలు, కొత్తరకం విత్తనాలు, వీటిమీద పావుగంట బొమ్మలు. సాయంత్రంపూట నల్లగొండ, పాలమూరు ఊళ్ళలో తెల్లగుడ్డ కట్టి వాటిని చూపించేవాళ్ళం. చూపించేవాళ్ళం అని ఎందుకన్నానంటే, ఆ బండికి డ్రైవర్ని నేనే. ఆ నౌకరీ పెట్టించింది కూడా బావే. అందుకే ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను.

బండిలో నా పక్కన కూర్చుని బావ ఇళ్ళ గోడలు చూసేవాడు. ఉన్నట్టుండి "ఆపు" అనేవాడు.

"ఏమైంది బావా?"

"గా ఇంటి వసారల ఫోటో ఉన్నది చూడు. పెద్ద ఫోటో. దాన్ని తీసిన డబ్బా గీ సుట్టుముట్టనే ఉండాలె."

"మనం ఆట మొదలుపెట్టాలె. జనం ఎదురుచూస్తుంటరు."

"జనం యాడికి పోతరు? డబ్బా అయితే చెదలు పడ్తది."

ఇక ఆయన్ని ఆపడం నా తరం కాదు. వెతికి వెతికి ఆ కెమెరా ఉన్న ఇల్లు పట్టుకునేవాడు. గుమ్మంలో ముసలాయన కూర్చుని ఉంటే, బావ ఆయన భుజం మీదుగా మంచం కింద ఉన్న తోలుతిత్తి డబ్బాను చూస్తూ పలకరించేవాడు.

"ఎట్లున్నది? మంచిగున్నదా?"

"ఏం మంచి సారు. మోకాళ్ళు గుంజుతున్నయి."

"తోలు పగిలిందా?"

"తోలు పగల్లేదు. నడిస్తే నొస్తాంది."

"ఎండల పెట్టకు. నువ్వుల నూనె పట్టియ్యి, పొద్దుకొకసారి మెల్లగ గుంజి ముడువు."

ముసలాయన ఆ వైద్యం తనకే అనుకుని దండం పెట్టేవాడు. ఓ ముసలాయనకైతే నిజంగానే గుణమిచ్చిందని విన్నాను.

మక్తల్ బక్కయ్య కెమెరా దొరికింది కూడా ఇలాగే. బక్కయ్య ముప్పై ఏళ్ళు జాతర్లలో ఫోటోలు తీసినవాడు. మోటారుకారు బొమ్మ గీసిన పరదా ఒకటి కట్టి, దాని ముందు పెళ్ళయిన జంటలను కూర్చోబెట్టేవాడు. తరువాత పట్నం నుంచి చిన్న కెమెరాలు మెడలో వేసుకుని కుర్రవాళ్ళు దిగారు. బక్కయ్య టేకుకర్ర కెమెరా మంచం కిందికి చేరింది. పరదాను జొన్నలమీద కప్పేశారు. మేం వెళ్ళేసరికి కెమెరా తోలుతిత్తిని ఒక మేక నాకుతోంది. బావ ముందు మేకను చూసి, తరువాత కెమెరాను చూసి, కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పని చేశాడు.

చేతి గడియారం విప్పి బక్కయ్య చేతిలో పెట్టాడు. బక్కయ్యకు సమ్మతమే. ఆయన భార్య బక్కమ్మకు కాలేదు.

"గడియారంల నీళ్ళు పడ్తయా సారు?" అంది.

బావ బండివైపు చూశాడు. బండిలో మా అక్క పెళ్ళినాటి ఇత్తడి బిందె ఉంది. చిన్న చిల్లి పడితే మాటు వేయించుకుని రమ్మని పంపింది. మాటు పడింది. బిందె మాత్రం బక్కమ్మ ఇంట్లో దిగిపోయింది.

"బావా, అక్కకు ఏం చెప్తవు?"

"మాటు మంచిగ వేసిన్రని చెప్త."

తరువాత కెమెరా ముందు మోకాళ్ళమీద కూర్చుని, పసిపిల్ల చెవికమ్మ తీసినంత మెల్లగా ఆ అద్దాన్ని మరలతో సహా విప్పి బక్కయ్య అరచేతిలో పెట్టాడు.

"గీ కన్ను నీ దగ్గర్నే ఉండనీ."

"కన్ను లేనిదాన్ని ఏం జేస్కుంటవు సారు?"

"చూసుకుంట."

"దేంతోని చూసుకుంటవు బావా?" అన్నాను నేను. ఆయన అప్పటికే డబ్బాను భుజానికెత్తుకున్నాడు.

దారిలో అడిగాను, ఎందుకిలా చేస్తున్నావని. "బరువైతది" అన్నాడు. షాద్‌నగర్ ఎల్లేశం దగ్గర ఇంకో కెమెరా తెచ్చినప్పుడు మళ్ళీ అడిగాను. ఎల్లేశం స్టూడియోను కొడుకులు సైకిల్ దుకాణం చేశారు, కెమెరా మాత్రం పంక్చర్ల తొట్టి పక్కన మిగిలింది. "బండిల అద్దం పగుల్తది" అన్నాడు బావ. పాలమూరులో సువార్తమ్మ దగ్గర, చనిపోయిన ఆమె భర్త కెమెరా తెచ్చినప్పుడు మూడోసారి అడిగాను. ఆయన మిషన్ బడిలో బొమ్మలు నేర్పే సారు. "కన్ను ఆ ఇంటికి అలవాటైంది సిద్దయ్యా" అన్నాడు బావ. ఇక నేను అడగడం మానేశాను. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు, మా బావ పేరులోనే రాజు ఉన్నాడు.

ఇంటికి చేరాక అసలు ఆట. మా అక్క గుమ్మంలో నిలబడి కెమెరాను అటూ ఇటూ తిప్పి చూసేది. ముందున్న బొక్కలో చెయ్యి పెడితే మోచేతిదాకా వెళ్ళేది.

"దీనికి గూడ లేదా?"

"ఉన్నది. షాద్‌నగర్ల ఉన్నది."

"నా గొడుగేది?"

"అది గూడ షాద్‌నగర్ల ఉన్నది."

అలా ఇంట్లో సామానుకు కాళ్ళొచ్చి ఒక్కొక్కటే బయటికి నడిచిపోయాయి. క్వార్టరులో ఉన్నవే రెండు గదులు. ఒకదాంట్లో సంసారం, రెండోదాంట్లో కెమెరాలు. గోడ పొడుగునా ఇరవైకి పైగా కన్నులేని డబ్బాలు నోళ్ళు తెరుచుకుని కూర్చునేవి. చుట్టుపక్కలవాళ్ళు ఆ ఇంటికి కండ్ల దవాఖాన అని పేరు పెట్టారు. ఆ పేరు ఎంత దూరం పోయిందంటే, ఒకరోజు దేవరకొండ దిక్కునుంచి ఒక ముసలాయన కళ్ళు తుడుచుకుంటూ వచ్చి మా గుమ్మంలో కూర్చున్నాడు. "డాక్టరు సారు ఉన్నడా బిడ్డా?" అన్నాడు. అక్క నవ్వలేక ఏడవలేక లోపలికి పోయింది. బావ మాత్రం ఆయనకు అన్నం పెట్టించి, మరునాడు తానే అసలు దవాఖానకు తీసుకుపోయి, పొద్దంతా బెంచీమీద కూర్చుని, మందు వేయించి బస్సెక్కించాడు. బస్సు కదిలేముందు ముసలాయన కృతజ్ఞతకొద్దీ ఒక మాట చెప్పాడు. వాళ్ళ ఊరి గడీలో అటకమీద ఒక పాత కెమెరా ఉందట. బావ ఇంటికి కూడా రాకుండా అదే బస్సెక్కాడు.

మరుసటి ఏడు మళ్ళీ మక్తల్ వెళ్ళాం. బక్కయ్య చాయ్ హోటల్లో నలుగురి మధ్య కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి దగ్గరికి పిలిచాడు.

"మా దాని సంగతేంది?"

"ఎవరిది?"

"నా కెమెరా. నందికొండల ఉన్నది గద." పక్కవాళ్ళవైపు తిరిగి చెప్పాడు. "నా కెమెరా నందికొండల సర్కారు క్వార్టర్ల ఉంటది. డ్యాం పనిమీద పోయింది."

కొడుక్కి నౌకరీ దొరికిన తండ్రి కూడా అంత నిటారుగా కూర్చోడు. నేను కాదనలేదు. మంచిగుందని చెప్పాను. వచ్చేటప్పుడు నన్ను పక్కకు పిలిచి, "మీ బావ బిందెకు మూత ఇయ్యలే. మా ముసల్ది దినాం గొణుగుతాంది" అన్నాడు. ఇది కూడా బావ పైత్యమే అనుకున్నాను. ఇంటికొచ్చి అక్కను అడిగితే, "మూతనా? కనిపిస్తలేదు తమ్మీ" అని పొయ్యి ఊదుకుంది.

ఇక ఆఫీసు గొడవ చెప్పాలి, ఎందుకంటే అసలు కథ అక్కడే తిరిగింది. ఒక పెద్దమనిషి కాలువ తూముకు కొబ్బరికాయ కొట్టడానికి వచ్చాడు. బావ దాన్ని సినిమా తీశాడు. వారం తరువాత ఆఫీసర్లందరూ కూర్చుని చూశారు. తెరమీద మొదట జనం, తరువాత దండ, తరువాత మూడుకాళ్ళ స్టాండు మీద ఒక పాత కెమెరా. జనంలో ఎవడో ఊరి ఫోటోగ్రాఫరు తెచ్చుకున్నది. అది వచ్చింది, వచ్చింది, ఇంకా వస్తూనే ఉంది. మా ఆఫీసరు కోస్తా మనిషి. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఏవయ్యా రాజం, పెద్దాయన తల ఏదీ?"

"ఉన్నది సార్. కెమెరా వెనుక ఉన్నది."

"ఆ పక్కన కనపడేదేవిటి?"

"ఆయన మోచెయ్యి సార్. మంచిగ వచ్చింది."

"మరి ఈ డబ్బా ఎందుకయ్యా ఇంతసేపు?"

"నూరేండ్ల టేకు సార్ అది. గసోంటిది ఇప్పుడు దొరకది."

ఆఫీసరు ఆ పూట ఏమీ అనలేదు. అన్నీ కలిపి తరువాత అన్నాడు.

ఆ ఎండాకాలంలోనే మైసమ్మ వచ్చింది. డ్యాం మీద రాళ్ళు మోసే ముసలమ్మ. ఆమె ఊరు రేగులగడ్డ, యాభై గడపలు కూడా లేని పల్లె. డ్యాంలో నీళ్ళు నిలబడితే మునిగే ఊళ్ళలో అదొకటి. వానలకు ముందే అందరూ గుట్టమీది కొత్త జాగాకు పోవాలని హుకుం వచ్చింది. మైసమ్మ మా గుమ్మంలో గంప దించి కూర్చుంది.

"సిన్మా సారూ, నీళ్ళకు రాళ్ళు మోసింది నేనే, మునిగేది నా ఇల్లే. దానికేం అంటలేను. గా ఇల్లు నేను, నా పెనిమిటి మట్టి తొక్కి కట్టుకున్నం. ఎవలో కట్టిచ్చి ఇచ్చింది కాదు. రేపు నా మనుమలకు మన ఇల్లు గిట్లుండె అని చెప్తే నమ్ముతరా? ఇంటి ముంగట నిలబెట్టి ఒక్క ఫోటో తియ్యి."

"తీస్త అవ్వా."

"నా ఒక్కదానిదేనా? పక్కింటోళ్ళకు ఇల్లు లేదా?"

"అందరివి తీస్త. ఒక్క గడప ఇడ్వను."

"ఒట్టు వెయ్యి."

చెయ్యి వెయ్యడానికి బావ చుట్టూ చూశాడు. దేవుడి పటం దగ్గర్లోనే ఉంది. ఆయన పోయి బక్కయ్య కెమెరా నెత్తిన చెయ్యి పెట్టాడు. మైసమ్మ కూడా అది దేవుడే అనుకున్నట్టుంది, కళ్ళకద్దుకుని పోయింది.

ఆఫీసు కెమెరాతో తీయాలని బావ లెక్క. ఊరు ఆదివారం కదులుతోంది, బండ్లు మాట్లాడుకున్నారు. శనివారం పోయి అందరివీ తీసేద్దామని అనుకున్నాడు. ఆ వారం మొదట్లోనే ఆఫీసరు పిలిచాడు. శనివారం పైనుంచి అతిథులు వస్తున్నారట. ఫోటోలకూ సినిమాకూ పట్నం నుంచి వేరే మనిషిని పిలిపించాడట. ఆఫీసు కెమెరాలన్నీ ఆయనకు అప్పజెప్పాలట.

"నువ్వు నాలుగు రోజులు సెలవు తీసుకోవయ్యా. ఈసారి నాకు తలకాయలు కావాలి" అన్నాడు.

బావ ఇంటికొచ్చి కెమెరాల గదిలో నేలమీద కూర్చున్నాడు. నవ్వు లేదు. నేనలా ఎప్పుడూ చూడలేదు. అక్క గుమ్మంలో నిలబడింది.

"ఇంట్ల ఇరవై కెమెరాలున్నయి. ఒక్కదానికన్న కన్నున్నదా?" అంది. కోపంగా మొదలుపెట్టిన మాట చివరికొచ్చేసరికి మెత్తబడింది. "ఆ ముసల్దానికి ఒట్టేసినవు కదయ్యా. ఇప్పుడేం జేస్తవు?"

బావ చాలాసేపు ఆ బొక్కలవంక చూశాడు. తరువాత లేచి నా భుజం పట్టుకున్నాడు.

"సిద్దయ్యా, నీకు బస్సు డ్రైవర్లందరు ఎరుక కదా. ఒక మాట పంపియ్యాలె."

"ఏమని?"

"కన్ను పట్టుకొని రండ్రి, పని పడ్డది అని."

ఆ రోజుల్లో మా దిక్కు కబురంటే బస్సు డ్రైవరే. ఒక డ్రైవరు ఇంకో డ్రైవరుకు చెబుతాడు, ఆయన చాయ్ హోటల్లో చెబుతాడు, పొద్దుగూకేలోపల ఊరంతా తెలుస్తుంది. మాటలు పంపాను గానీ, నాకు నమ్మకం లేదు. అమ్ముకుని చేతులు దులుపుకున్నవాళ్ళు మండుటెండలో ఎందుకొస్తారు? ఈలోగా బావ పట్నం పోయి ఫోటో ప్లేట్లు, కాగితాలు, మందులు తెచ్చాడు. వాటికోసం ఈసారి ఇంట్లోంచి ఏం పోయిందో నేను అడగలేదు. మా ఇంట్లో రేడియో పాటలు మాత్రం ఆగిపోయాయి. విచిత్రం, అక్క కూడా దాని సంగతి ఎత్తలేదు.

శుక్రవారం మధ్యాహ్నం బస్సుల దగ్గర నిలబడ్డాం. మొదటి బస్సులో ఎవరూ దిగలేదు.

"బావా, వాళ్ళు రారు. నువ్వు గడియారమిచ్చినవు, గొడుగిచ్చినవు, వాళ్ళు డబ్బా ఇచ్చిన్రు. బేరం ఒడిసింది, అయిపోయింది."

"బేరం ఒడవద్దనే గదరా కన్ను ఇడ్సి వచ్చింది."

అప్పుడు చెప్పాడు, ఇన్నేళ్ళకు. బావ వాళ్ళది నేతపని చేసే ఇల్లు. తండ్రి ధర్మయ్య మగ్గం మీద కూర్చుంటే పక్కన మనుషులు మాట్లాడుకోవడం మానేసి చూసేవారట. నూలు దొరకని కాలం వచ్చింది. ఇంట్లో తిండి గింజలైపోయాయి. నారాయణపేట నుంచి ఒకాయన బండి కట్టుకొచ్చి మగ్గం విప్పి ఎక్కించుకున్నాడు. పేకనూలును అటూ ఇటూ మోసే నాడె ఒక్కటి మాత్రం ధర్మయ్య ఇవ్వలేదు. నడుములో దోపుకున్నాడు. వచ్చినాయన కూడా నేతవాడే గనుక అడగలేదు.

"మా ఇండ్లల్ల మగ్గం పోయినా నాడె ఇయ్యరు సిద్దయ్యా. నాడె ఇంట్ల ఉంటే మగ్గం మనదే."

"మగ్గం వాపస్ వచ్చిందా?"

"రాలే. కాని మా బాపు పోయేదాంక 'నేను మగ్గం అమ్ముకున్న' అనలే. ఎవలన్న అడిగితే, 'మా మగ్గం నారాయణపేటల ఉన్నది' అన్నడు. గంతే. గా ఒక్క మాట మీదనే బతికిండు."

నాకు మక్తల్ చాయ్ హోటల్లో బక్కయ్య అన్న మాట గుర్తొచ్చింది. నా కెమెరా నందికొండల ఉన్నది. నేను కూడా రోడ్డువైపు తిరిగి నిలబడ్డాను.

రెండో బస్సు వచ్చింది. దుమ్ము తగ్గాక మెట్లమీద ఒక నల్లకోటు కనిపించింది. ఆ ఎండలో నల్లకోటు, తలకు రుమాలు, మెడలో తాయెత్తులాగా ఒక గుడ్డసంచి. బక్కయ్య. దిగుతూనే సంచి తడిమి, "తెచ్చిన. నా డబ్బా ఏది?" అన్నాడు. వెంటనే, "బిందె తెద్దామంటే మా ముసల్ది ఇయ్యలే" అని కూడా చెప్పేశాడు.

ఆయన వెనుక సువార్తమ్మ దిగింది, తెల్లచీర కొంగుకు కన్ను ముడివేసుకుని. తరువాత ఇంకో బస్సు, ఇంకో ఇద్దరు. వనపర్తినుంచి ఒకాయన, నకిరేకల్‌నుంచి ఒకాయన, పొద్దుగూకేసరికి పది పన్నెండుమంది అయ్యారు. షాద్‌నగర్ ఎల్లేశం ఉత్తచేతులతో దిగాడు. ఆయన కన్నుతో మనుమడు ఎండలో కాగితాలు కాల్చి ఆడుకుని ఎక్కడో పారేశాడట. "కన్ను లేదు సారు. నా కండ్లన్న పనికొస్తయేమోనని వచ్చిన" అన్నాడు. బావ ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు.

అక్క ఆ సాయంత్రం అందరికీ రొట్టెలు కాల్చింది. కెమెరాల గదిలో వాళ్ళు తమ తమ డబ్బాలను పేర్లు పెట్టి పిలుచుకుంటూ, తుడుస్తూ, కన్నులు బిగించారు. గోడ పొడుగునా ఒక్కొక్కటే చూడడం మొదలుపెట్టాయి. అక్క తలుపు దగ్గర నిలబడి, "అమ్మో, అన్నీ నన్నే చూస్తున్నయి" అని కొంగు సర్దుకుంది.

శనివారం పొద్దున్నే ప్రచారబండి నిండా ముసలి కెమెరాలూ ముసలి మనుషులూ ఎక్కారు. అతిథుల హడావిడిలో నా బండి సంగతి అడిగేవాడు లేడు. రేగులగడ్డ చేరేసరికి సగం ఇళ్ళు విప్పేస్తున్నారు. వాసాలు, దూలాలు, తలుపులు అన్నీ ఎడ్లబండ్లమీద ఉన్నాయి. కొత్త జాగాలో ఇల్లు కట్టాలంటే అవే కావాలి మరి. బక్కయ్య మైసమ్మ ఇంటి ముందు స్టాండు నిలబెట్టి నల్లగుడ్డ కప్పుకోబోతే మైసమ్మ ఆపింది.

"ఆగు పెద్దాయనా. తలుపు లేని ఇల్లు ఇల్లేనా? చూసినోళ్ళు పశువుల కొట్టం అంటరు."

"తలుపు బండి మీద ఉన్నదే అవ్వా."

"దించు. ఓ కురుమయ్యా, తలుపు తెచ్చి నిలబెట్టు."

కొడుకు కురుమయ్య తలుపు దించి తెచ్చి గడపలో నిలబెట్టాడు. వదిలితే పడుతుంది. వెనుక నక్కి రెండు చేతులతో పట్టుకున్నాడు. తలుపు కింద ఆయన కాలివేళ్ళు పది కనిపిస్తున్నాయి. ఇక ఊరంతా ఇదే పని పట్టింది. బండ్లమీద కట్టిన తలుపులన్నీ మళ్ళీ దిగాయి. ప్రతి గడపలో తలుపు, ప్రతి తలుపు కింద కాలివేళ్ళు. తలుపు లేని నిరుపేద ఒకాయనకు పక్కింటివాళ్ళు తమ తలుపు అరువిచ్చారు. ఆ ఒక్క తలుపూ ఆ రోజు నాలుగిళ్ళకు తలుపైంది.

బక్కయ్య జాతరలో అరిచినట్టే అరిచాడు. "కదలొద్దు. రెప్ప కొట్టొద్దు. మేకను పట్టుకోండ్రి. మేక రెప్ప కొట్టినా నాకు ఫికర్ లేదు, కదిలితేనే తంటా." ఎల్లేశం కన్ను లేకపోయినా అందరిమీదా పెత్తనం చేశాడు. ఎండ ఎటుంది, నీడ ఎటు పడుతోంది, ఏ ఇల్లు ముందు తీయాలి, ఏది పొద్దువాలాక తీయాలి, అన్నీ ఆయనే చెప్పాడు. సువార్తమ్మ భర్త కెమెరా బావ పట్టుకున్నాడు. కన్నుకున్న మూత ఎంతసేపు తీసి ఉంచాలో ఆయనకు కుదరడం లేదు. సువార్తమ్మ పక్కకొచ్చి నిలబడింది. "మా సారు తీసేటప్పుడు లెక్క నేనే పెట్టేదాన్ని" అని, కళ్ళు మూసుకుని, "ఒకటి... రెండు... మూడు... ఇగ ముయ్యి" అంది. ఆమె చెప్పినప్పుడల్లా బావ మూత తీశాడు, మూశాడు. సాయంత్రానికి ఒక్క గడప కూడా మిగల్లేదు.

క్వార్టరుకు తిరిగొచ్చాక ముసలివాళ్ళు మళ్ళీ కన్నులు విప్పబోయారు. బావ ఆపాడు.

"ఇగ తీస్కపోండ్రి. మీ డబ్బాలు మీ ఇండ్లకు."

బక్కయ్య తల గోక్కున్నాడు. "గడియారం ఖరాబైంది సారు. బిందె మా ముసల్ది ఇయ్యది. ఏమిచ్చి తీస్కపోను?"

"నేనేమన్న కొన్ననా తాతా? మేక నాకుతుంటే చూడలేక తెచ్చి దాచిన. గంతే."

బక్కయ్య తన కెమెరాను భుజానికెత్తుకున్నాడు. గుమ్మందాకా పోయి ఆగాడు. కన్నుమీద ఉన్న మూత తీసి బావ చేతిలో పెట్టాడు.

"మూత లేకుండ ఎట్ల తీస్తవు?" అన్నాడు బావ.

"అరచెయ్యి అడ్డం పెడ్త. జాతరల సగం దినాలు గట్లనే తీసిన." బక్కయ్య నవ్వాడు. "నీ నాడె ముచ్చట మీ బామ్మర్ది రొట్టెలు తినేటప్పుడు చెప్పిండు. మగ్గం తీస్కపోతున్న. ఇది నీ దగ్గర్నే ఉండనీ."

ఆ తరువాత వరసగా ఒక్కొక్కరూ అదే పని చేశారు. సువార్తమ్మ మాత్రం మూతతోబాటు నల్లగుడ్డ కూడా ఇచ్చింది. ఎల్లేశం తన గుడ్డి కెమెరాను తీసుకుపోలేదు. "దీనికి కన్ను దొరికేదాంక దవాఖానల్నే ఉండనియ్యి" అన్నాడు. రానివాళ్ళ డబ్బాలను ఆ తరువాత ఆటలకు పోయినప్పుడల్లా మేమే వాళ్ళ ఇళ్ళలో దించి వచ్చాం.

పదిహేను రోజుల తరువాత ఫోటోలు పట్టుకుని గుట్టమీది కొత్త జాగాకు వెళ్ళాం. మైసమ్మ ఫోటోను రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది.

"మావోని కాలేళ్ళు పడ్డయి" అంది చివరికి.

"తుడిపెయ్యమంటవా అవ్వా?"

"వద్దు. ఉండనీ. తలుపు పట్టుకున్నది ఎవలో నా మనుమలకు తెలవాలె."

కొత్త ఇంటికి ఇంకా తలుపు బిగించలేదు. ఫోటో మాత్రం గోడకెక్కింది.

ఈ సంగతి ఎలాగో ఆఫీసరు చెవిన పడింది. ఒకరోజు ఆయనే మా క్వార్టరుకు వచ్చాడు, ఆ కెమెరాలేవో చూపించవయ్యా అని. బావ గది తలుపు తీశాడు. గది నిండా జాగా. మూలన ఎల్లేశం డబ్బా. గోడమీది అరలో వరసగా నల్లటి మూతలు, ఒక మడతపెట్టిన గుడ్డ.

"ఇవేవిటి? కెమెరాలేవీ?"

"ఉన్నయి సార్" అన్నాడు బావ, మక్తల్ చాయ్ హోటల్లో బక్కయ్య కూర్చున్నట్టే నిటారుగా నిలబడి. "ఒకటి మక్తల్ల ఉన్నది. ఒకటి పాలమూర్ల ఉన్నది. ఒకటి వనపర్తిల ఉన్నది."

ఆఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అక్క ఆయనకు మంచినీళ్ళు తెచ్చింది, కొత్తగా కొన్న మట్టికుండలోంచి. ఆయన వెళ్ళిపోయాక నేను ఊరుకోలేక అన్నాను.

"అక్కా, అందరి కెమెరాలు వాళ్ళ ఇండ్లకు పోయినయి. నీ పెండ్లి బిందె మాత్రం పోనే పోయింది."

"ఎవడన్నడు పోయిందని?" అంది అక్క. "నా బిందె మక్తల్ల ఉన్నది."

లోపలికి పోయి, కుండల వెనుకనుంచి ఒక మూట తెచ్చి విప్పింది. చింతపండుతో తోమి తోమి తళతళలాడుతున్న ఇత్తడి మూత. ఆమె కూడా ఆ ఇంటి కోడలే కదా. బావ వంక ఓసారి చూసి, ఆ మూతను నల్లటి మూతల వరసలో చివరన పెట్టి, వంట చూసుకోవడానికి పోయింది.